ముఖపరిచయమే పెట్టుబడి!

ప్రాణస్నేహితుల కన్నా అంతంతమాత్రం తెలిసినవాళ్లే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా దారి చూపుతున్నారని ఆర్థికవేత్తలు తేల్చారు. ఐటీ ఆశలు పెట్టుకున్న విశాఖ విద్యార్థులకు ఇది మంచి మాటే. కానీ మోసగాళ్లు వచ్చేదీ ఆ దారినే!

2025 ఏప్రిల్‌లో విశాఖ రుషికొండ దగ్గర టీసీఎస్‌కు 21.16 ఎకరాలు నామమాత్రంగా 99 పైసలకే ఇవ్వడానికి రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకొంది. 12 వేల ఉద్యోగాలన్నారు. ఆ తర్వాత కాపులుప్పాడలో కాగ్నిజెంట్. అక్కడ 8 వేల ఉద్యోగాల మాట వినిపించింది. అక్టోబర్ 14న గూగుల్ వంతు వచ్చింది. ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది.

ఈ వార్తలు వచ్చిన ప్రతిసారీ మీ ఫోన్లో ఏం జరిగిందో ఒక్కసారి గుర్తుచేసుకోండి. క్లాస్ గ్రూపులో ఒకరు పోస్టు పెడతారు. అదే పోస్టు హాస్టల్ గ్రూపులోకి, ప్రాజెక్ట్ టీమ్ గ్రూపులోకి, చిన్నప్పటి స్కూల్ గ్రూపులోకి వస్తుంది. నాలుగు గ్రూపుల్లో నాలుగుసార్లు చదివారు. కొత్తగా తెలిసింది మాత్రం ఒక్కటే విషయం. మీకు తెలిసిన లింకు మీ బ్యాచ్‌లో అందరికీ తెలిసిందే కాబట్టి, ఆ లింకు నొక్కి అప్లై చేసే వేలమందిలో మీరూ ఒకరు.

ఉద్యోగం గురించి ఆలోచించేటప్పుడు మనం సిలబస్, కోడింగ్, ప్యాకేజీ, బ్యాక్‌లాగ్స్ గురించి లెక్కలేసుకుంటాం. ‘ఈ కబురు నాకు ఎవరి ద్వారా వచ్చింది? వాళ్లకెలా తెలిసింది?’ అన్న లెక్క మాత్రం వేయం. ఆర్థికశాస్త్రంలో సోషల్ నెట్‌వర్కులు, డిజిటల్ మార్కెట్ల మీద పనిచేసేవాళ్లు సరిగ్గా ఆ లెక్కే వేస్తున్నారు. వాళ్లు కనుక్కున్న వాటిలో కొన్ని మీ జాబ్ సెర్చ్‌ను మార్చేయగలవు.

మేస్త్రీ నుంచి లింక్డ్‌ఇన్ దాకా

ముందు మన ఊరి సంగతి. విశాఖ పోర్టు 1933లో మొదలైంది. ఆ రోజుల్లో మన దేశపు ఓడరేవుల్లో పని కావాలంటే నోటీసు బోర్డు చూస్తే దొరికేది కాదు. మేస్త్రీ తెలిసుండాలి. ఓడ వస్తే ఎంతమంది కావాలో ఆయనకు ముందు తెలిసేది. ఆయన తన ఊరివాళ్లని, బంధువులని, తన మాట వినేవాళ్లని పిలిచేవాడు. కబురూ ఆయన దగ్గరే, సిఫార్సూ ఆయన దగ్గరే. అందుకే కూలీలో ఆయన వాటా ఆయనకు పోయేది. ఓడ ఉన్ననాడు పని, లేనినాడు పస్తు అన్న ఈ పరిస్థితిని సరిచేయడానికే 1948లో డాక్ కార్మికుల ఉపాధి నియంత్రణ చట్టం తెచ్చారు. రిజిస్టర్‌లో పేరున్నవాళ్లకు వంతులవారీగా పని ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. 1959లో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, పెద్ద ప్రైవేటు సంస్థలు ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌కి చెప్పడం తప్పనిసరైంది.

ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో రాష్ట్రమంతా ఉద్యమం జరిగింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1992లో ప్లాంటును జాతికి అంకితం చేశారు. భూములిచ్చిన నిర్వాసితులకు ఇచ్చిన ‘ఆర్ కార్డు’ గురించి గాజువాక వైపు ఇళ్లలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఆ కార్డుంటే ఉద్యోగంలో తమకో హక్కు ఉన్నట్టు.

రిజిస్టర్, ఎక్స్ఛేంజ్, కార్డు... ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకటే ఆలోచన. ఉద్యోగం కబురు ఒక మనిషి చేతిలో ఇరుక్కుపోకూడదు. ఇంటర్నెట్ వచ్చాక ఆ సమస్య తీరిపోయిందనే అందరూ అనుకున్నారు. నౌకరీ డాట్ కామ్ 1997లో మొదలైంది. ఇప్పుడు ఏ కంపెనీలో ఏ ఖాళీ ఉందో కురుపాంలో కూర్చున్న కుర్రాడికైనా సెకన్లలో తెలుస్తుంది. మరి మేస్త్రీ పోయాడా? పోలేదు. పేరు మార్చుకున్నాడు. ఇప్పుడాయన్ని ‘రిఫరల్’ అంటున్నాం.

చేపలకు పనిచేసింది, మనుషులకు పనిచేయలేదు

డిజిటల్ మార్కెట్ ఎక్కడ బాగా పనిచేస్తుందో తెలియాలంటే కేరళ తీరానికి వెళ్లాలి. 1997 నుంచి 2001 దాకా ఉత్తర కేరళలో మొబైల్ టవర్లు ఒక్కో ప్రాంతంలో వరసగా వచ్చాయి. అప్పటిదాకా ఒక ఒడ్డున కొనేవాళ్లు లేక కవళ్లు పారబోసుకుంటుంటే, కొన్ని కిలోమీటర్ల అవతలి ఒడ్డున చేపలు దొరక్క వ్యాపారులు ఉత్త చేతులతో వెళ్లిపోయేవాళ్లు. ఫోన్లు వచ్చాక పడవల్లోంచే ధర కనుక్కుని, ఎటు వెళ్తే లాభమో అటు తిప్పడం మొదలెట్టారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ ఈ మార్పును లెక్కగట్టి 2007లో ప్రచురించారు. మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది. వినియోగదారుడికి ధర 4 శాతం తగ్గింది. చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. మన ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది.

చేప విషయంలో తెలియాల్సింది ధర ఒక్కటే. తాజాదో కాదో మొప్ప ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. మనిషికి అలాంటి మొప్ప లేదు కదా! మీ రెజ్యూమెలో ‘పైథాన్ తెలుసు, టీమ్ ప్లేయర్, త్వరగా నేర్చుకుంటాను’ అని ఉంది. మీ పక్కవాడి రెజ్యూమెలోనూ అదే ఉంది. అది నిజమో కాదో హెచ్‌ఆర్‌కు తెలియదు.

అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియనప్పుడు మార్కెట్ ఎలా దెబ్బతింటుందో జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే చెప్పారు. సెకండ్ హ్యాండ్ కార్ల ఉదాహరణతో ఆయన రాసిన ఆ వ్యాసం ప్రపంచ ప్రసిద్ధం. డిగ్రీ లాంటివి ఉద్యోగ మార్కెట్లో ‘నేను పనికొస్తాను’ అని చెప్పే సంకేతాలుగా ఎలా పనిచేస్తాయో మైఖేల్ స్పెన్స్ 1973లో వివరించారు. ఆయన మాటలో కీలకం ఇది: సంకేతం సంపాదించడం పనికొచ్చేవాడికి తేలికగా, పనికిరానివాడికి కష్టంగా ఉండాలి. అందరికీ తేలికైతే దానికి విలువ ఉండదు. 2001లో వీళ్లిద్దరికీ జోసెఫ్ స్టిగ్లిట్జ్‌తో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఒక్క క్లిక్‌తో అప్లై చేయొచ్చు. ఏఐతో రెజ్యూమె ఐదు నిమిషాల్లో తయారు. రెండు గంటల కోర్సుకు సర్టిఫికెట్. సంకేతాలు అందరికీ తేలికైపోయాయి కాబట్టే వాటి బరువు తగ్గిపోయింది. కుప్పలుగా వచ్చిన దరఖాస్తుల ముందు కూర్చున్న రిక్రూటర్ చివరికి పాత ప్రశ్నే అడుగుతున్నాడు: “మనవాళ్లలో ఎవరికైనా ఈ అబ్బాయి తెలుసా?”

కబురు కరువు తీరింది. ఇప్పుడు కరువంతా నమ్మకానికే.

2 కోట్ల మందిపై ప్రయోగం

మరి ఆ తెలిసినవాళ్లు ఎవరై ఉండాలి? దగ్గరివాళ్లా, దూరపువాళ్లా?

అమెరికాలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజికవేత్త బోస్టన్ పక్కనున్న న్యూటన్‌లో ఉద్యోగం మారినవాళ్లని అడిగి చూశారు. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో సుమారు 17 శాతం మందికే తరచూ కలిసే మనిషి నుంచి కబురొచ్చింది. మిగతా అందరికీ అప్పుడప్పుడూ కలిసేవాళ్లో, ఎప్పుడో గానీ కలవనివాళ్లో చెప్పారు. 1973లో ఆయన రాసిన వ్యాసంతో ‘బలహీన బంధాల బలం’ అన్న మాట పుట్టింది. కారణం సులువే. మీ ప్రాణస్నేహితుడికి తెలిసింది దాదాపు అంతా మీకూ తెలుసు. ముఖపరిచయం ఉన్న మనిషి వేరే లోకంలో తిరుగుతాడు. అక్కడి కబురు మోసుకొస్తాడు.

అయితే అది కొద్దిమందిని అడిగి తెలుసుకున్నది. నిజంగా పరిచయం వల్లే ఉద్యోగం వచ్చిందా? ఎలాగూ ఉద్యోగం వచ్చేవాళ్లకే పరిచయాలు ఎక్కువా? ఇది తేల్చాలంటే కొందరికి పరిచయాలు పెంచి, కొందరికి పెంచకుండా చూడాలి. బయటి ప్రపంచంలో ఇది అసాధ్యం. డిజిటల్ ప్లాట్‌ఫామ్ మీద మాత్రం కుదురుతుంది.

లింక్డ్‌ఇన్‌లో ‘మీకు తెలిసిన వ్యక్తులు కావచ్చు’ అని కొన్ని ముఖాలు చూపిస్తుంది కదా! 2015 నుంచి 2019 దాకా ఆ సంస్థ ఆ జాబితాను రకరకాలుగా మార్చి చూసింది. కొందరికి దగ్గరివాళ్లని ఎక్కువగా, కొందరికి దూరపువాళ్లని ఎక్కువగా చూపించింది. మొత్తం 2 కోట్ల మందికి పైగా. ఆ ఐదేళ్లలో వాళ్ల మధ్య 200 కోట్ల కొత్త కనెక్షన్లు, 6 లక్షల కొత్త ఉద్యోగాలు నమోదయ్యాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ రాజ్‌కుమార్, ఎరిక్ బ్రిన్‌జోల్ఫ్‌సన్, మరో ముగ్గురితో కలిసి ఆ డేటాను విశ్లేషించి 2022 సెప్టెంబర్‌లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు.

అందులో మీకు పనికొచ్చేవి మూడు ఉన్నాయి.

ఒకటి. గ్రానోవెటర్ మాట నిజమే. ఉద్యోగం మారడానికి దగ్గరివాళ్ల కన్నా దూరపు పరిచయాలే ఎక్కువ సాయపడ్డాయి.

రెండు. మరీ దూరమైతే లాభం లేదు. ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసినవాళ్లు ఓ పది మంది దాకా ఉన్న పరిచయం అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది. అంతకు మించి పెరిగేకొద్దీ ప్రయోజనం తగ్గుతూ వచ్చింది. ఒక్కరు కూడా ఉమ్మడిగా లేని మనిషికి మీ మీద నమ్మకం ఉండదు. 80 మంది ఉమ్మడిగా ఉన్నవాడి దగ్గర మీకు తెలియని కబురుండదు. మధ్యలో ఉన్నవాడి దగ్గర రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. మీ కాలేజీలోనే నాలుగేళ్ల సీనియర్, ఇంటర్న్‌షిప్‌లో పక్క టీమ్‌లో పనిచేసిన అక్క, హ్యాకథాన్‌లో కలిసిన వేరే ఊరి కుర్రాడు... ఈ కోవలోకి వస్తారు.

మూడు. ఇది అన్ని రంగాల్లో ఒకేలా లేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కువగా వాడే, ఇంటి నుంచి పనిచేయడానికి వీలున్న డిజిటల్ రంగాల్లో దూరపు పరిచయాలు పనిచేశాయి. డిజిటల్ వాడకం తక్కువున్న రంగాల్లో దగ్గరి బంధాలే నెగ్గాయి.

ఈ మూడోది విశాఖవాళ్లు రెండుసార్లు చదవాలి. ఎందుకంటే మనది రెండు ఉద్యోగ మార్కెట్లున్న ఊరు. ఒకవైపు పోర్టు, ఉక్కు, షిప్‌యార్డు, ఆటోనగర్ వర్క్‌షాపులు, ఫార్మా యూనిట్లు. ఇంకోవైపు మధురవాడ, రుషికొండ కొండల మీది ఐటీ. మొదటి వైపు వెళ్లేవాడికి నాన్న స్నేహితుడి మాట ఇప్పటికీ బరువైనదే. కంపెనీ వాళ్లు చేసే పర్మినెంట్ రిక్రూట్‌మెంట్‌కు పరీక్ష ఉంటుంది కానీ, కాంట్రాక్టు పనికి తెలిసినవాళ్లే దారి. రెండో వైపు వెళ్లాలనుకునేవాడికి నాన్న స్నేహితుడు పెద్దగా ఉపయోగపడడు. మన ఇళ్లలో చాలామంది మొదటి మార్కెట్ పరిచయాలతో రెండో మార్కెట్ ఉద్యోగం వెతుకుతున్నారు. ఇబ్బంది అక్కడ వస్తోంది.

గట్టి బంధం కట్టిపడేస్తుంది

బలమైన నెట్‌వర్క్ ఉండటం అదృష్టమే అనుకుంటాం. కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు ముంబయిలోని దాదర్‌లో చూసింది వేరే కథ. అక్కడ మిల్లులు, డాక్‌ల వంటి చోట్ల కార్మిక ఉద్యోగాలు తరతరాలుగా కులం నెట్‌వర్క్ ద్వారా దొరికేవి. 1990ల్లో ఆర్థిక సంస్కరణలతో ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు ఆఫీసు ఉద్యోగాల్లో జీతాలు పెరిగాయి. అయినా ఆ కార్మిక కులాల కుటుంబాలు మగపిల్లల్ని మరాఠీ మీడియంలోనే ఎక్కువగా చదివించాయి. ఎలాగూ మామయ్య పని ఇప్పిస్తాడన్న ధీమా. ఆడపిల్లలకు ఆ నెట్‌వర్క్‌లో చోటే లేదు. దాంతో వాళ్లు ఇంగ్లిష్ మీడియం వైపు వేగంగా మళ్లారు. 2006లో వచ్చిన ఈ పరిశోధన చెప్పేది చిత్రంగా ఉంటుంది. పాత నెట్‌వర్క్ ఉన్న అన్న వెనకబడ్డాడు, లేని చెల్లెలు ముందుకెళ్లింది.

అలాగని అమ్మాయిలకు దారి సాఫీగా ఉందనుకోవద్దు. ఆఫ్రికాలోని మలావీలో లోరీ బీమన్, నియాల్ కెలెహర్, జెరెమీ మగ్రూడర్ ఒక నిజమైన నియామకంలో పరీక్షించి చూశారు. అర్హతలున్న మహిళలు తెలిసినా, ఇష్టం వచ్చినవాళ్లని సిఫార్సు చేయమంటే మగవాళ్లు మగవాళ్లనే ఎక్కువగా తెచ్చారు. రిఫరల్‌తో జరిగే నియామకాల్లో అమ్మాయిలు తగ్గిపోవడానికి ఇదొక కారణం. కాబట్టి చదివే అమ్మాయిలూ, సీనియర్ అక్కల్ని వెతికి పట్టుకోవడం మీకు మరింత అవసరం. రిఫర్ చేసే స్థాయికి వచ్చిన అబ్బాయిలూ, మీ ఫోన్‌బుక్‌లో ఉన్న పేర్లన్నీ చూడండి.

ఎవరి డబ్బు పోతుంది?

బీమన్, మగ్రూడర్ అంతకుముందు కోల్‌కతాలో ఇంకో ప్రయోగం చేశారు. 2012లో ప్రచురితమైంది. కొందరిని పిలిచి, తెలివికి పదునుపెట్టే ఒక పని చేయించి, డబ్బులిచ్చారు. “రేపు ఇదే పనికి మీకు తెలిసినవాళ్లని ఒకరిని తీసుకురండి” అన్నారు. కొంతమందికి ఎవరిని తెచ్చినా ఒకటే మొత్తం. ఇంకొంతమందికి మాత్రం తెచ్చిన మనిషి ఎంత బాగా చేస్తే అంత డబ్బు.

ఫలితం మన ఇళ్లలో చూసేదే. ఎవరిని తెచ్చినా ఒకటే అన్నప్పుడు బంధువులు ఎక్కువగా వచ్చారు. తన డబ్బు ముడిపడి ఉన్నప్పుడు బంధువులు తగ్గి, కలిసి పనిచేసినవాళ్లు పెరిగారు. సొంతంగా పని బాగా చేసినవాళ్లు తెచ్చిన మనుషులూ బాగా చేశారు. అంటే మంచి మనిషెవరో వాళ్లకు ముందే తెలుసు. తప్పయితే తమకు నష్టం ఉన్నప్పుడే ఆ తెలివి బయటికి తీశారు.

సిఫార్సు విలువ చెప్పిన మనిషి మంచితనంలో కన్నా, ఆ మాట తప్పయితే అతను పోగొట్టుకునే దానిలో ఎక్కువ ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకుని 2024 మే నెలకు వెళ్దాం.

ఆ నెలలో విశాఖ పోలీసులు స్థానిక ఏజెంట్లను అరెస్టు చేశారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, బ్యాంకాక్ మీదుగా కుర్రాళ్లని కాంబోడియా పంపారన్నది కేసు. అక్కడ వాళ్ల పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. ఫెడెక్స్ పార్సిల్ పేరుతో బెదిరింపు కాల్స్, షేర్ మార్కెట్ పేరుతో వల, టాస్క్ గేమ్‌లు. ఫోన్ చేసేది మనవాళ్లే, మోసపోయేదీ మనవాళ్లే. విశాఖ చుట్టుపక్కల నుంచి దాదాపు 150 మంది వెళ్లినట్టు పోలీసులు అప్పట్లో చెప్పారు. మే 20న సిహనౌక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. అక్కడి నుంచి 60 మందిని మన రాయబార కార్యాలయం బయటికి తెచ్చింది.

ఇది చదివి ‘అంత అమాయకంగా ఎలా వెళ్లారు?’ అనుకోవడం తేలిక. వాళ్లు అమాయకులు కారు. ఎవరో తెలియని దేశం నుంచి మెయిల్ వస్తే స్పామ్‌లో పడేసేవాళ్లే. కానీ ఎదురుగా ఉన్నది తమ ఊరి ఏజెంటు. తెలిసిన వీధి, మన భాష. దూరదేశపు కబురును దగ్గరి మనిషి మోసుకొచ్చాడు. మనిషి మీదున్న నమ్మకాన్ని కబురు మీద కూడా పెట్టారు.

కోల్‌కతా ప్రయోగంతో పోల్చి చూడండి. ఏజెంటు డబ్బు ముందే తీసుకున్నాడు. అక్కడ నిజంగా ఉద్యోగం ఉన్నా లేకపోయినా అతని లక్షన్నర అతనికి వచ్చేసింది. తప్పయితే పోయేది కుర్రాడి డబ్బు, కుర్రాడి పాస్‌పోర్టు.

డిజిటల్ మార్కెట్ల మీద జరిగిన ఇంకో పరిశోధన కూడా ఇక్కడ పనికొస్తుంది. రెండు పక్షాల్ని కలిపే ప్లాట్‌ఫామ్‌లలో ఎవరి దగ్గర ఎంత వసూలు చేస్తారన్నది జాన్-చార్లెస్ రోషే, జాన్ టిరోల్ 2003లో విశ్లేషించారు. టిరోల్‌కు 2014లో నోబెల్ వచ్చింది. సారాంశం ఏంటంటే, ప్లాట్‌ఫామ్ సాధారణంగా ఒక పక్షాన్ని ఉచితంగా, చవకగా రప్పించి, రెండో పక్షం దగ్గర సంపాదిస్తుంది. ఉద్యోగ పోర్టల్స్‌లో ఫ్రెషర్ ప్రొఫైల్ పెట్టుకోవడం ఉచితం. మనుషుల కోసం వెతికే కంపెనీ డబ్బు కడుతుంది. నిజంగా మనుషులు కావాల్సినవాడు ఖర్చు పెట్టుకుంటాడు. ‘ఆఫర్ లెటర్ రెడీ, ట్రైనింగ్ డిపాజిట్ కట్టండి’, ‘బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, సగం ముందు సగం జాయినయ్యాక’ అని ఉద్యోగం కావాల్సినవాడి దగ్గరే వసూలు మొదలైతే, అక్కడ అమ్ముతున్న సరుకు ఉద్యోగం కాదు, మీ ఆశ.

విదేశీ ఉద్యోగాలకు నియమం వేరుగా ఉంది. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు మాత్రమే మనుషుల్ని పంపాలి. అతను తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, ఆపైన జీఎస్టీ. రిజిస్టరైనవాళ్ల జాబితా కేంద్రం నడిపే ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్లో ఎవరైనా చూడొచ్చు. ఉద్యోగమని చెప్పి టూరిస్ట్ వీసా చేతిలో పెడితే ఇంక ఆలోచించాల్సిన పని లేదు, వెనక్కి వచ్చేయండి. డబ్బు ఆన్‌లైన్‌లో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మరి మీరేం చేయాలి?

కబురు ఎంత దూరం నుంచైనా రానివ్వండి. నమ్మకం మాత్రం ఆ కబురుతో పాటు పార్సిల్‌లో రాకూడదు. దాన్ని వేరే దారిలో విడిగా తెచ్చుకోవాలి. ఆచరణలో అది ఇలా ఉంటుంది.

ముందు, మధ్య దూరం పరిచయాలు పెంచండి. మీ బ్రాంచ్ నుంచి గత ఐదేళ్లలో బయటికెళ్లినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో ఒక షీట్‌లో రాయండి. మీకూ వాళ్లకీ ఉమ్మడిగా ఐదారు నుంచి పదిహేను మంది దాకా ఉన్నవాళ్లని గుర్తించండి. వారానికి ఇద్దరికి మెసేజ్ పెట్టండి. ‘సర్, ప్లీజ్ రిఫర్ మీ’ అన్నది మెసేజ్ కాదు, కరపత్రం. అది రోజుకు పది వస్తాయి వాళ్లకి. ఇలా రాసి చూడండి: “అక్కా, నేను మీ బ్రాంచే, మీ తర్వాత మూడు బ్యాచ్‌లు. టెస్టింగ్ వైపు వెళ్లాలనుకుంటున్నా. మీ టీమ్‌లో ఫ్రెషర్లని తీసుకునేటప్పుడు ఏం చూస్తున్నారు? నేను చేసిన ప్రాజెక్టు ఇది. వీలైతే పది నిమిషాలు మాట్లాడతారా?” పది నిమిషాలు అడిగినవాడికి సమాధానం ఇచ్చే మనిషి, ఉద్యోగం అడిగినవాడికి ఇవ్వడు.

రెండు, వాళ్ల చేతికి ఏదైనా ఇవ్వండి. సీనియర్ మిమ్మల్ని రిఫర్ చేస్తే ఆఫీసులో అతని పేరు కూడా పణంగా ఉంటుంది. మీరు పనికొస్తారని అతనికి రుజువు కావాలి. నడుస్తున్న ప్రాజెక్టు, చదవగలిగే కోడ్, ఓపెన్ సోర్స్‌లో మీరు సరిచేసిన ఒక చిన్న తప్పు... సంపాదించడానికి కాస్త కష్టపడాల్సిన సంకేతం ఏదైనా సరే. సర్టిఫికెట్ల పేజీ కన్నా ఇది బరువు.

మూడు, మీ కాలేజీ ‘రేడియో’ ఎవరో కనిపెట్టండి. అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్ కర్ణాటక పల్లెల్లో ఒక సంగతి గమనించారు. ‘ఎవరికి చెబితే ఊరంతా తెలుస్తుంది?’ అని అడిగితే జనం సరైన మనుషుల పేర్లే చెప్పారు. వాళ్లకు చెప్పిన కబురు, ఊరి పెద్దలకు చెప్పిన కబురు కన్నా ఎక్కువమందికి చేరింది. మీ క్యాంపస్‌లోనూ అలాంటివాళ్లు ఉంటారు. ఒక్కోసారి ప్లేస్‌మెంట్ ఆఫీసర్ కన్నా క్యాంటీన్ దగ్గరి సీనియర్‌కు ముందు తెలుస్తుంది. మీరేం వెతుకుతున్నారో ఆ మనిషికి స్పష్టంగా చెప్పి ఉంచండి.

నాలుగు, ఎవరు చెప్పినా రెండో దారిలో సరిచూడండి. కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో ఆ ఖాళీ ఉందా? మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచే వచ్చిందా? ఆ కంపెనీలో పనిచేస్తూ, మీకు కబురు చెప్పినవాడితో సంబంధం లేని ఇంకో మనిషి అవునంటున్నాడా? ఇదే మాట పది గ్రూపుల్లో కనిపించినంత మాత్రాన పదిమంది సాక్ష్యం చెప్పినట్టు కాదు. ఒకరి ఫార్వర్డ్ పదిసార్లు తిరిగి ఉంటుంది.

ఐదు, మీ వంతు వచ్చినప్పుడు మీరూ దారి చూపండి. ఇంటర్వ్యూలో ఏమడిగారో జూనియర్లకు రాసి పెట్టండి. శ్రీకాకుళం, పాడేరు, పార్వతీపురం నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతూ విశాఖ వచ్చిన పిల్లలకు ఐటీలో ఒక్క బంధువు కూడా ఉండరు. వాళ్లకున్న ఏకైక ‘మధ్య దూరం పరిచయం’ మీరే. రిఫరల్స్ మీద నడిచే మార్కెట్ ఉన్నవాడికే ఇంకా ఇస్తుంది. అది కొంచెమైనా సరికావాలంటే లోపల ఉన్నవాళ్లు చేయి చాపాలి.

రుషికొండలో భవనాలు లేస్తాయి. ప్రకటించిన ఉద్యోగాల్లో ఎన్ని, ఎప్పటికి వస్తాయో కాలం చెబుతుంది. డేటా సెంటర్ కట్టడానికి కావాల్సినంత మంది దాన్ని నడపడానికి అక్కర్లేదన్నది కూడా మనసులో ఉంచుకోండి. ఈలోపు ఆ పేర్లు వాడుకుని డబ్బు గుంజేవాళ్లు మాత్రం భవనాలు లేచేదాకా ఆగరు.

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. ఈ నెలలో మీకొచ్చిన ఐదు ఉద్యోగ కబుర్లు ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన రెండు గడులు గీయండి. మొదటిదాంట్లో ‘ఎవరి ద్వారా వచ్చింది?’, రెండోదాంట్లో ‘ఇది తప్పయితే ఆ మనిషికి ఏం పోతుంది?’ మొదటి గడిలో ఐదుసార్లూ ఒకే గ్రూపు పేరు వస్తే కొత్త పరిచయాలు వెతకాలి. రెండో గడిలో ‘ఏమీ పోదు’ అని వచ్చిన చోట, సరిచూసుకునేదాకా ఒక్క రూపాయి కట్టకండి. ఆధార్ కాపీ కూడా పంపకండి.